రాయలసీమ తోలుబొమ్మ: రూపము, పాఠము

ఆంధ్రదేశమున బొమ్మలు చేయు విద్య ప్రధానముగ మట్టి, కొయ్య, తోలు అను మూడు ద్రవ్యములను ఆశ్రయించి పెరిగినది. కొండపల్లివారు తెల్లపొణికి కొయ్యతో చేసిన బొమ్మ సంక్రాంతి కొలువున నిలిపినంతనే సంపూర్ణముగ గోచరించును. తోలుబొమ్మ స్వభావము వేరు. దానిని చేత పట్టి చూచినచో తోలు, రంగు మాత్రమే కనబడును. వెనుక దీపము, ముందు తెర, తోడుగ పాట కలిగినప్పుడే అది పాత్రమగును. కావున దానిని శిల్పముగ మాత్రమే వర్ణించుట చాలదనియు, తెలుగు కావ్యముల ప్రచారచరిత్రలో దానికొక స్థానము కలదనియు ఈ వ్యాసమున చూప యత్నించెదను.

ఈ కళ ప్రాచీనమైనది. కాకతీయయుగపు కవియగు పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున తోలుబొమ్మలాటను పేర్కొనియున్నాడు. విజయనగర రాజుల కాలమున దీనికి ఆదరణ హెచ్చినది. అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) వెలసిన లేపాక్షి చిత్రములలోని ప్రక్కచూపు ముఖములను, విశాలనేత్రములను, వస్త్రాలంకారములను నేటి తోలుబొమ్మలతో పోల్చినచో రెండును ఒకే చిత్రసంప్రదాయమునకు చెందినవని తోచును. కడప జిల్లాలో ఖాజీపేటకు చేరువ పెన్న ఒడ్డుననున్న పుష్పగిరి ఆలయపు గోడలపైని శిల్పములందును ఇతిహాసకథలు కలవు. చదువురాని పల్లెప్రజ పగలు రాతిపై చూచిన కథనే రాత్రి తెరపై చూచుచుండెడిది.

బొమ్మను చేయు విధానము గమనింపదగినది. మేకతోలును వేడినీట తడిపి, వెండ్రుకలను గీకివేసి, బిగియలాగి ఆరబెట్టగా అది వెలుతురు చొరదగిన పలుచని పొరయగును. దానిపై రూపురేఖలు గీసి, అంచులు కోసి, నగలకును, చీర అంచులకును తగిన తావులందు చిన్న ఉలులతో రంధ్రములు చేయుదురు. రంగును రెండు వైపుల పూయుదురు. దీపకాంతి ఆ రంధ్రములగుండ వెడలి తెరపై రత్నములవలె మెరయును. నడుమ చీల్చిన బద్దను నిలువున కట్టి బొమ్మను నిలుపుదురు. విడిగ చేసి కలిపిన చేతులను వేరు పుల్లలతో ఆడింతురు.

ఈ నిర్మాణమున పాత్రల తారతమ్యము ఇమిడియున్నది. పూర్వము దేవతలకును ఉత్తమనాయకులకును జింకజాతి తోలును, సామాన్యపాత్రలకు మేకతోలును వాడు ఆచారముండెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో ఆ వాడుకకు అవకాశము లేకపోయినది. ఒక బొమ్మకు సాధారణముగ ఒక తోలు చాలును. పది తలలు, ఇరువది చేతులు గల రావణునికి పెక్కు తోళ్లు పట్టును. హాస్యమునకు వచ్చు కేతిగాని బొమ్మ చిన్నది. కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క ఏ పురాణమునకును చెందినవారు కారు. వారి మాట పల్లెమాట. రాముడు పద్యమున పలుకగా వీరు వాడుకభాషలో సమకాలపు లోకమును ఎగతాళి చేయుదురు. ఇట్లు ద్రవ్యమునను, పరిమాణమునను, వాక్కునను పాత్ర యొక్క స్థానము నిర్ణయమగును.

చీనాదేశపు ఛాయానాటకముతో పోల్చినచో ఈ విశేషము స్పష్టపడును. హాన్ వంశపు వూ చక్రవర్తి (పాలన: క్రీ.పూ. 141–87) మరణించిన ప్రియురాలి ఛాయను తెరవెనుక దీపకాంతిలో చూచెనను కథను అచ్చటివారు ఈ కళకు మూలముగ చెప్పుదురు. 2011లో యునెస్కో ఆ కళను మానవజాతి అవ్యక్త వారసత్వ జాబితాలో చేర్చినది. అచ్చటి బొమ్మలు మన బొమ్మలకంటె మిక్కిలి చిన్నవి. సత్పాత్రల ముఖమున తోలును తొలిచివేసి సన్నని రేఖలను మాత్రమే మిగుల్తురు; దుష్టపాత్రల ముఖమును నిండుగ ఉంతురు. మన బొమ్మలవారు గుణభేదమును ముఖమునకే పరిమితము చేయక, ఒక్కొక్క బొమ్మ నిలువెత్తు ఆకృతియందును, అది పలుకు భాషయందును చూపిరి.

ఈ భాషావిషయమే తెలుగు పరిశోధకులకు ముఖ్యమైనది. తోలుబొమ్మలాటలోని రామకథకు గోన బుద్ధారెడ్డి 13వ శతాబ్దమున రచించిన రంగనాథరామాయణము ప్రధానాధారము. ద్విపద పాడుటకు అనువైనది, కంఠస్థమగుటకు సులభమైనది. వాల్మీకమున లేని కాలనేమి వృత్తాంతము, సులోచనా వృత్తాంతము మున్నగునవి ఆ కావ్యమున కలవు. ఇచ్చట మరియొక విశేషము కలదు. ధర్మవరమునకు చేరువనున్న నిమ్మలకుంటలో ఈ కళ వంశవృత్తిగ గల కుటుంబములవారు ఇంట మాటాడునది మరాఠీకి చెందిన ఆరె భాష. ఇంట ఒక భాషయు, తెరవెనుక వేరొక భాషయు గల ఈ జనులు తెలుగు ద్విపదను తరతరములుగ నోట నిలుపుకొనిరి. వ్రాతప్రతులతో పాటు ఇట్టి నోళ్లును కావ్యమునకు ఆశ్రయములని దీనివలన తెలియుచున్నది.

20వ శతాబ్దమున చలనచిత్రములు పల్లెలకు చేరిన పిదప రాత్రంతయు సాగు ఆటలు తగ్గినవి. నిమ్మలకుంటవారు అదే తోలుతో దీపపు గూడులు, గోడపటములు చేసి జీవనము సాగించుచున్నారు. ఆ గ్రామపు కళాకారుడు దలవాయి చలపతిరావునకు 2020లో పద్మశ్రీ పురస్కారము లభించినది. ఇది సంతోషింపదగినది, కూడుపెట్టని కళను నిలుపుమని శాసించు అధికారము ఎవరికిని లేదు. అయినను దీపపు గూడుపైని రామునికిని రావణునికిని పరిమాణభేదము లేదు. కొనువాని కోరికయే కొలత. కేతిగానికి అచ్చట మాట లేదు. పనితనము నిలిచినను, పైన చెప్పిన తారతమ్యము లోపించుచున్నది.

వస్తుప్రదర్శనశాలలు బొమ్మను భద్రపరుపగలవు. ఏ బొమ్మ తెరపైకి వచ్చునపుడు ఏ ద్విపద పాడుదురో, అచ్చుప్రతికిని ఆ పాఠమునకును గల భేదమెట్టిదో గుర్తించి నమోదు చేయుట తెలుగు శాఖల పని. పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతపు గ్రామములలో ఈ ఆటలను చూచిన వృద్ధుల జ్ఞాపకములనుకూడ సేకరింపవలెను. పాఠము తెలిసిన గాయకులు ఉండగనే ఈ పనికి పరిశోధక విద్యార్థులు పూనుకొనుట అవసరము.