ఓడలు పోయాక మిగిలిన తాళ్ళు

1662 జులైలో లండన్‌లో ఓ పెద్ద ఉద్యోగి ఎక్కాలు మొదలుపెట్టాడు. వయసు 29. కేంబ్రిడ్జిలో చదివినవాడు, ఇంగ్లండ్ నౌకాదళం అవసరాలు చూసే నేవీ బోర్డులో అధికారి. పేరు శామ్యూల్ పీప్స్. ఆయన రాసుకున్న డైరీ ఆ తర్వాత జగత్ప్రసిద్ధమైంది. అంత చదివినా గుణకారం సరిగ్గా రాదు, ఓడల సంగతి అసలే తెలీదు. కలప అమ్మేవాళ్ళు కొలతల్లో మోసం చేస్తే పట్టుకోవడం ఎలాగన్నది ఆయన బెంగ. అందుకని ‘రాయల్ చార్లెస్’ యుద్ధనౌకలో మేటుగా పనిచేసిన కూపర్ అనే ఒంటికంటి నావికుణ్ణి పంతులుగా పెట్టుకున్నాడు.

ఎక్కాలు కాస్త పట్టుబడ్డాక పాఠం ఓడ మీదికి మళ్ళింది. నీళ్ళలో ఉన్న ఓడ కాదు, ఆఫీసులో ఉన్న నమూనా ఓడ. కూపర్ దాని ఒక్కో భాగం చూపించి వివరించేవాడు. పీప్స్ చిన్నపిల్లాడిలా వినేవాడు. ఆ నమూనా ఎంత పనికొస్తోందో డైరీలో సంబరంగా రాసుకున్నాడు.

ఆ బుల్లి ఓడకి ఒక ఉద్యోగం ఉందన్నమాట: పాఠం చెప్పడం. ఇవాళ ఇంట్లో బల్లమీద లైటు పెట్టుకుని, పటకారుతో దారం పట్టుకుని, రెండు మూడేళ్ళపాటు ఒకే ఓడ కట్టేవాళ్ళు దేశదేశాల్లో ఉన్నారు. ఆ ఓడ ఎవరికీ పాఠం చెప్పదు, బియ్యం తెచ్చిపెట్టదు. పని ఉన్న వస్తువు పనిలేనివాళ్ళ సరదాగా ఎప్పుడు మారింది? ఆ మార్పు జరగడానికి అసలు ఓడలు చచ్చిపోవలసి వచ్చింది.

మొదటి ఉద్యోగం దేవుడి లెక్కలోది. 1920లో ఈజిప్టులోని థీబ్స్ దగ్గర మెకెట్రే అనే అధికారి సమాధిని అమెరికాకు చెందిన హెర్బర్ట్ విన్‌లాక్ బృందం శుభ్రం చేస్తోంది. దొంగలు ఎప్పుడో దోచేసిన సమాధి అది. నేలలో ఒక పగులు దగ్గర లైటు వేసి చూస్తే లోపల చిన్న గది, గది నిండా కొయ్యబొమ్మలు. రొట్టెలు చేసేవాళ్ళు, పశువుల్ని లెక్కపెట్టేవాళ్ళు, వాళ్ళతో పాటు తెడ్లు వేసే మనుషులతో సహా పడవలు. దాదాపు 4000 ఏళ్ళ కిందటివి. పోయిన దొరకి పరలోకంలోనూ పడవ కావాలి కదా! ఆ నమూనా చూడ్డానికి చేసింది కాదు, చీకట్లో దాచడానికి చేసింది.

పీప్స్ కాలానికి ఆ ఉద్యోగం రాజు కొలువులోకి మారింది. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండులో చేసిన నమూనాలను ఇవాళ నేవీ బోర్డు మోడళ్ళు అంటారు. చాలావాటి కొలత 1:48. అంటే అసలు ఓడలో నాలుగు అడుగులుంటే ఇక్కడ అంగుళం. వాటిలో ఒక వింత ఉంది. ఓడ కింది సగానికి పలకలు వెయ్యరు. లోపలి పక్కటెముకలు వరసగా కనబడుతూ ఉంటాయి, చేపని సగం వలిచి పెట్టినట్టు. పై సగానికి మాత్రం చెక్కడాలూ బంగారు పూతలూ. సింహాసనం మీద కూర్చున్నవాడికి ఓడ అందమూ, దాని ఎముకలూ ఒకేసారి చూపించే ఏర్పాటు అది. 1669 నాటి ‘సెయింట్ మైకేల్’ నమూనా గ్రినిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది.

మూడో ఉద్యోగం ఆకలి ఇచ్చింది. ఫ్రాన్సుతో యుద్ధాలు ముదిరాక ఇంగ్లండులో ఖైదీల్ని ఉంచడానికి చోటు చాలలేదు. 1797లో పీటర్‌బరో దగ్గర నార్మన్ క్రాస్ అనే చోట వాళ్ళ కోసమే ఒక శిబిరం కట్టారు. అక్కడ వేలమంది ఫ్రెంచి ఖైదీలు ఏళ్ళ తరబడి ఉన్నారు. విడుదల ఎప్పుడో తెలీదు, చేతిలో పని లేదు. రోజూ దొరికేది ఒక్కటే: కూటిలో ఇచ్చిన మాంసం తినగా మిగిలిన ఎముకలు.

ఆ ఎముకల్ని ఉడకబెట్టి, తెల్లబరిచి, సన్నటి బద్దలుగా కోశారు. లోపల కొయ్యతో ఓడ ఆకారం చేసి, పైన ఆ బద్దల్ని పలకల్లా పేర్చి, చిన్న ఇత్తడి మేకులతో బిగించారు. తాళ్ళకి పట్టుదారమో వెంట్రుకలో, ఏది దొరికితే అది. కొన్ని ఓడల అడుగున దారాలు వదిలారు. అవి లాగితే ఫిరంగులన్నీ ఒక్కసారిగా లోపలికి పోతాయి. శిబిరం గేటు దగ్గర సంత జరిగేది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చి కొనుక్కునేవాళ్ళు. ఆ డబ్బుతో ఖైదీ కాస్త మంచి తిండో పొగాకో కొనుక్కునేవాడు.

కొలతలు తెచ్చుకోవడానికి వాళ్ళ దగ్గర ప్లాన్లు లేవు. గుర్తున్నదే ప్లాను. అందుకే చాలా ఎముక ఓడల్లో తెరచాప కొయ్యలు ఉండాల్సినదానికంటే పొడుగు, తాళ్ళు ఉండాల్సినదానికంటే లావు. పండితుడి కంటికి అవి తప్పులు. నాకు మాత్రం గోడ అవతలి సముద్రాన్ని తలుచుకుంటూ కట్టినవాడు కొయ్యని కాస్త ఎక్కువ ఎత్తు లేపాడనిపిస్తుంది.

ఇంచుమించు ఆ కాలంలోనే సీసాలోకి ఓడ దూరింది. తేదీ తెలిసిన సీసా ఓడల్లో పాతది 1784 నాటిది. జొవాన్నీ బియోండో చేసిన ఆ ఓడ జర్మనీలోని ల్యూబెక్ మ్యూజియంలో ఉంది. చూసినవాళ్ళంతా అడిగే ప్రశ్న ఒకటే: లోపలికి ఎలా వెళ్ళింది? కిటుకంతా తాళ్ళలోనే ఉంది. ఓడ ఒళ్ళు సీసా మెడ కంటే సన్నం. తెరచాప కొయ్యలు మొదలు దగ్గర మడత పడతాయి. వాటిని వెనక్కి పడుకోబెట్టి ఓడను లోపలికి తోసి, ముందే పోసి ఉంచిన లప్పం సముద్రంలో కూర్చోబెడతారు. బయటికి వదిలిన దారం లాగితే కొయ్యలు లేచి నిలబడతాయి. దారానికి జిగురు వేసి, మిగిలిన కొస కత్తిరించేస్తే గుట్టు సీసాలోనే ఉండిపోతుంది.

ఈలోగా సముద్రం మీద గాలి మారింది. 1869 నవంబరులో సూయజ్ కాలువ తెరిచారు. వారం తిరక్కముందే స్కాట్లండులో ‘కటీ సార్క్’ అనే తెరచాప ఓడ నీళ్ళలోకి దిగింది. చైనా నుంచి టీ ఆకు తేవడానికి కట్టిన అతివేగమైన ఓడ. పాపం, పుట్టిన ముహూర్తం మంచిది కాదు. ఇరుకు కాలువలో తెరచాపతో నడవలేరు, ఎర్రసముద్రపు గాలులు అనుకూలించవు. ఆవిరి ఓడలేమో ఆ అడ్డదారిలో ముందే చేరుకుంటున్నాయి. టీ బేరం చేజారి, ఆస్ట్రేలియా ఉన్ని మోసి, చివరికి పరాయి జెండా కింద పేరు కూడా మార్చుకుంది.

తెరచాపలు కనుమరుగవుతాయని ముందే గుర్తించినవాళ్ళలో ఫ్రెంచి నావికుడు ఫ్రాన్స్వా ఎడ్మండ్ పారీ ఒకరు. కుర్రతనంలోనే ప్రపంచం చుట్టివస్తూ, ఆగిన ప్రతి రేవులో స్థానికుల పడవల్ని కొలిచి బొమ్మలు గీసుకున్నాడు. 1840ల్లో అచ్చయిన ఆయన గ్రంథంలో మన కోరంగి రేవు దోనె కూడా ఉంది. కోరంగిని 1839 తుఫాను ముంచేసింది, ఆ దోనె మాత్రం కాగితం మీద నిలిచింది. తర్వాత అడ్మిరల్ అయిన పారీ 1871 నుంచి 1893లో పోయేదాకా పారిస్ లూవ్ర్‌లోని నౌకా మ్యూజియాన్ని చూసుకున్నాడు. తన బొమ్మల్ని బట్టి నమూనాలు చేయించాడు. నమూనాకి దొరికిన చివరి ఉద్యోగం అది: పోతున్నవాటిని గుర్తుపెట్టుకోవడం.

ఇరవయ్యో శతాబ్దం మూడో దశకానికి వచ్చేసరికి తెరచాప తాళ్ళు లాగిన తరం ముసలిదైపోయింది. 1922లో రెండు సంగతులు జరిగాయి. ఇంగ్లండు నౌకాసేనాని నెల్సన్ యుద్ధనౌక ‘విక్టరీ’ని నీళ్ళ మీద ఉంచలేక పోర్ట్స్‌మత్‌లో డ్రై డాక్‌లోకి చేర్చారు. అదే ఏడు విల్‌ఫ్రెడ్ డౌమన్ అనే కెప్టెన్ శిథిలమవుతున్న ‘కటీ సార్క్’ని సొంత డబ్బుతో కొన్నాడు. అట్లాంటిక్ అవతల ‘కాన్‌స్టిట్యూషన్’ అనే పాత యుద్ధనౌక మరమ్మతుకి బడిపిల్లలు సైతం చిల్లర డబ్బులిచ్చారు.

సరిగ్గా అప్పుడే సరదా పుట్టింది. ఓడ మీద పనిచేసి దిగిన ఆర్మిటేజ్ మెక్కాన్ అనే కెప్టెన్, వంటింటి బల్ల మీద ఓడ కట్టడం ఎలాగో అమెరికాలో మామూలు పాఠకులకి వ్యాసాలుగా, పుస్తకాలుగా చెప్పాడు. పాపులర్ సైన్స్ పత్రిక ఓడల ప్లాన్లు అచ్చువేసింది. 1927లో ఆర్.సి. ఆండర్సన్ పదిహేడో శతాబ్దపు ఓడల తాళ్ళ కట్టుబడి మీద ఒక గ్రంథమే రాశాడు. సముద్రం ఎరగని గుమాస్తాలు, టీచర్లు సాయంత్రంపూట ఆ పాఠాలు తెరిచారు. కూపర్ ఒక్క పీప్స్‌కి చెప్పిన చదువు అచ్చులో వేలమందికి అందింది. తేడా ఒక్కటే: వీళ్ళకి ఆ చదువుతో ఉద్యోగం లేదు.

1952లో ఆ సరదా పిల్లల జేబు దాకా వచ్చింది. గాలి నింపే రబ్బరు బొమ్మలతో మొదలైన ఎయిర్‌ఫిక్స్ కంపెనీ, ఫ్రాన్సిస్ డ్రేక్ ప్రపంచం చుట్టిన ‘గోల్డెన్ హైండ్’ని ప్లాస్టిక్ ముక్కలుగా పోతపోసి, సంచిలో పెట్టి, వూల్‌వర్త్స్ దుకాణాల్లో రెండు షిల్లింగులకి అమ్మించింది. నేవీ బోర్డు వడ్రంగికి నెలలు పట్టే ఓడ ఒళ్ళు ఒక అచ్చులోంచి ఊడిపడింది.

కానీ తాళ్ళు అచ్చులోంచి పుట్టవు. తెరచాప ఓడలో తాళ్ళు రెండు రకాలు. కొయ్యల్ని కదలకుండా నిలబెట్టేవి కొన్ని. వాటికి తారు పూస్తారు కాబట్టి నల్లగా ఉంటాయి. తెరచాపల్నీ అడ్డకొయ్యల్నీ తిప్పేవి మరికొన్ని. అవి కప్పీల్లోంచి పరుగెడుతుంటాయి కాబట్టి నార రంగులోనే ఉంటాయి. అసలు ‘విక్టరీ’కి ఉన్న తాడు మొత్తం 26 మైళ్ళు, అంటే సుమారు 42 కిలోమీటర్లు. వందో వంతు కొలతలో కట్టినా 420 మీటర్ల దారం కావాలి. మామూలు దారానికి నూగు ఉంటుంది. అంత చిన్న ఓడ మీద ఆ నూగు బొచ్చులా కనిపిస్తుంది. అందుకని ప్రతి దారాన్నీ తేనెమైనం మీదుగా లాగుతారు. నిక్కచ్చి మనుషులైతే చిన్న పేనుడు యంత్రం పెట్టుకుని తాళ్ళు తామే పేనుకుంటారు.

అన్నిటికంటే ఓపిక పరీక్షించేది నిచ్చెన. కొయ్య పక్కనుంచి కిందికి దిగే లావు తాళ్ళకి అడ్డంగా సన్నటి తాళ్ళు కడతారు. నావికులు వాటిమీద అడుగులు వేసుకుంటూ పైకి ఎక్కేవాళ్ళు. అసలు ఓడలో ఆ మెట్ల మధ్య ఎడం అడుగుకి కాస్త అటూ ఇటూ. నమూనాలో మూడు మిల్లీమీటర్లకి ఒకటి. ఒక్కో మెట్టు ప్రతి లావు తాడునీ దాటేచోట ముడి. ఒక్క ఓడకి అలాంటివి వందలు, వేలు. బిగువు కాస్త ఎక్కువైతే నిలువు తాళ్ళు నడుములా లోపలికి వంగుతాయి. అప్పుడు అంతా విప్పి మళ్ళీ మొదలు.

నిజానికి అక్కడ ముడి అక్కర్లేదు. చిటికెడు జిగురు చాలు, మూడడుగుల దూరం నుంచి తేడా తెలీదు. ఆ మెట్టు మీద ఎవరూ కాలు పెట్టరు, అది జారితే ఎవరూ సముద్రంలో పడరు. అయినా ముడే వేస్తారు. నావికుడు వేసిన ముడి, అదే మెలిక, అదే వరస. ఒకటి బిగించి, చూసుకుని, మూడు మిల్లీమీటర్లు పైకి జరుగుతారు.