షామియానాకు ముందు కథ

పక్కూళ్లో గనో, థర్మల్ ప్లాంటో వస్తుందంటే ముందుగా లేచేది షామియానా. వేదిక మీద కలెక్టరో జాయింట్ కలెక్టరో, పక్కన పొల్యూషన్ బోర్డు అధికారి, ఎదురుగా వీడియో కెమెరా, చుట్టూ పోలీసులు. ప్రజాభిప్రాయ సేకరణ అనే ఈ ఘట్టం మన చట్టంలోకి ఆలస్యంగానే వచ్చింది.

పెద్ద పని తలపెట్టే ప్రభుత్వ సంస్థ పర్యావరణానికి ఏమవుతుందో ముందే రాసి జనానికి చూపాలన్న నియమం అమెరికాది. అధ్యక్షుడు నిక్సన్ 1970 జనవరి 1న ఆ చట్టం మీద సంతకం చేశాడు. మన దగ్గర 1970ల చివర్లో నదీలోయ ప్రాజెక్టులతో మొదలైన పరిశీలన ఆఫీసుల మధ్య ఫైళ్లు తిరగడమే. భోపాల్ దుర్ఘటన తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, దాని కింద 1994లో పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్ వచ్చాయి. అప్పుడు కూడా సిఫార్సు ఉంటేనే జనాన్ని అడిగేది. తప్పనిసరి చేసింది 1997 ఏప్రిల్ 10 నాటి సవరణ.

ఆ సవరణలో ఇప్పుడు చాలామంది మరిచిపోయిన ఏర్పాటు ఒకటుంది. విచారణ జరిపే ప్యానెల్‌లో అధికారులతోపాటు పంచాయతీ, మున్సిపాలిటీల ప్రతినిధులు ముగ్గురి దాకా, కలెక్టరు ఎంపిక చేసిన స్థానిక పెద్దలు ముగ్గురి దాకా కూర్చునే వీలుండేది. 2006 సెప్టెంబరు 14 నోటిఫికేషన్ ఆ కుర్చీలు తీసేసింది. ఊరివాళ్లు వేదిక దిగి జనంలో కలిశారు. హాజరుకు కోరం కూడా అక్కర్లేదంది. అయితే 30 రోజుల ముందు నోటీసు, వీడియో రికార్డింగు పెట్టింది. సభ చివర వచ్చిన అభ్యంతరాల సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించాలంది. నన్నడిగితే సభ మొత్తంలో కీలకం ఆ చదువుడే. తన మాట అందులో లేకపోతే అక్కడికక్కడే లేచి అడగొచ్చు. తీరా ఆ వేళకి సగం కుర్చీలు ఖాళీ.

ఎంత గట్టిగా వద్దన్నా అది ఓటు కాదు. శ్రీకాకుళం జిల్లా సోంపేట బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ ప్లాంటు మీద 2009 ఆగస్టులో సభ జరిగింది, అభ్యంతరాలు వచ్చాయి, అనుమతీ వచ్చింది. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. సరిగ్గా అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ అనుమతిని రద్దు చేసింది.

2006 నోటిఫికేషన్ స్థానంలో తేవాలనుకున్న 2020 ముసాయిదా, సభకు ముందిచ్చే నోటీసు గడువును 20 రోజులకు కుదించబోయింది. దాన్ని తెలుగుతో సహా 22 భాషల్లో ఇవ్వమని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. లక్షల్లో అభ్యంతరాలు వెళ్లాయి. ఆ ముసాయిదా తుది రూపానికి రాలేదు.