జిప్పు పుట్టుక

పరుపు గలేబును ఉతుకుటకై విప్పబోవు గృహిణికి, సగము దారిలో మొరాయించి నిలిచిన జిప్పును చూచినపుడు, దీనిని లోకము మీదికి వదలినవాడెవ్వడాయని కోపము రాక మానదు. ఆ కోపమునకు పాత్రుడు ఒక్కడు కాడు.

కుట్టుమిషను పేటెంటుచే ప్రసిద్ధుడైన అమెరికా దేశీయుడు ఎలియాస్ హౌ 1851లోనే వస్త్రములను మూయు బంధమొకదానికి పేటెంటు పొందియు, దానిని విపణికి తేక విడిచెను. నాలుగు దశాబ్దములకు పిమ్మట విట్‌కోంబ్ జడ్సన్ అను చికాగో వాసి, బూట్లను మూయుటకై, 1893లో కొక్కెముల బంధమునకు పేటెంటు సంపాదించెను. కాని అది ఒకప్పుడు బిగిసిపోవుచు, మరియొకప్పుడు అదాటున విడిపోవుచుండెను. నగుబాటు ధరించినవారిది!

ఆ లోపమును సవరించినవాడు స్వీడనులో జన్మించిన గిడియన్ సుండ్‌బ్యాక్. ఆతడు కొక్కెములను పూర్తిగా పరిత్యజించి, ఒక్కొక్క పంటికి ఒక ప్రక్క చిన్న బొడిపెయు, మరియొక ప్రక్క అందుకు సరిపోవు గుంటయు నుండునట్లు చేసి, అట్టి పండ్లను రెండు గుడ్డపట్టీలకు వరుసగా బిగించి, మన దర్జీలు రన్నరని పిలుచు జారుడు బిళ్ళ నడుమ సాగుచుండగా అవి యొకదానిలో నొకటి ఇముడునట్లు రూపొందించి, 1917లో పేటెంటు పొందెను. 'జిప్పర్' అను నామము మాత్రము 1923లో గుడ్‌రిచ్ రబ్బరు సంస్థ తన బూట్లకు పెట్టినది. అది కేవలము ధ్వన్యనుకరణము.

నేటికిని జిప్పు మొరాయించుటకు హేతువు ప్రాయికముగా పండ్ల నడుమ చిక్కిన దారమో, పేరుకొనిన మురికియో. బలముతో లాగుట అవివేకము. దారమును మెల్లగా తీసి, పండ్లపై కొవ్వొత్తినో పెన్సిలు ములుకునో రుద్దిన చాలును. గలేబును ఉతుకునపుడు మాత్రము జిప్పును మూసియే నీట వేయుడు.