సాహస నవల – కొండ పాఠకుడు

2010 సంవత్సరం తెలుగు బాల సాహిత్యానికి రెండు కారణాల వల్ల గుర్తుండిపోయింది. ఆ జనవరిలో దాసరి సుబ్రహ్మణ్యం కన్నుమూశాడు. అదే ఏడాది కేంద్ర సాహిత్య అకాడమీ బాల సాహిత్య పురస్కారాలను ప్రారంభించింది. తెలుగులో తొలి పురస్కారం కలువకొలను సదానంద బాలల నవల 'అడవితల్లి'కి వచ్చింది. దాసరి యాభై ఏళ్ళపాటు 'చందమామ'లో పనిచేసి, రెండు మూడు తరాల పిల్లల్ని అడవులూ గుహలూ శిథిల దుర్గాల వెంట నడిపించాడు. ఆ సీరియళ్ళ మీద ఆయన పేరు కూడా ఉండేది కాదు. ఒకచోట న్యాయనిర్ణేతల తీర్పు, మరొకచోట వచ్చే నెల సంచిక కోసం ఎదురుచూసిన పాఠకుల తీర్పు. బాలల నవల విలువను మనం ఇంతవరకూ ఈ రెండు కొలతలతోనే కొలుస్తున్నాం.

మూడో కొలత ఒకటుంది. ఈ నవలలకు రంగస్థలం అడవి. ఆ అడవిలో పుట్టి పెరిగే పిల్లవాడు వీటిని చదివితే ఏమంటాడు? అరకులోయ వైపునుంచి ఈ ప్రశ్న వేసుకుంటే, సాహస నవల చరిత్ర కొంత వేరుగా కనిపిస్తుంది.

సాహస నవల గాలిలోంచి ఊడిపడలేదు. స్టీవెన్సన్ 'ట్రెజర్ ఐలండ్' 1881–82లో ఒక పిల్లల పత్రికలో సీరియల్‌గా వచ్చింది, 1883లో పుస్తకమైంది. హాగార్డ్ 'కింగ్ సాలమన్స్ మైన్స్' 1885లో వచ్చింది. ఎక్కడో ఒక పరాయి నేల, అక్కడ దాగిన నిధి, దానికోసం బయలుదేరే వీరులు: ఈ చట్రం వలస పాలన ఉచ్చదశలో స్థిరపడింది. అదే కాలంలో తూర్పు కనుమల్లో ఏం జరిగింది? 1879లో రంప కొండల్లో ఫితూరీ లేచింది. మన్సబుదారు దోపిడీ, కల్లు మీద కొత్త పన్ను దానికి తక్షణ కారణాలు. తిరుగుబాటు గూడెం కొండలదాకా పాకింది. దాన్ని అణచిన కొద్దికాలానికే, 1882లో, మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఇంగ్లండులో పిల్లవాడు నిధి దీవి పటం చూసి పులకిస్తున్న రోజుల్లో, ఇక్కడి పిల్లవాడి తండ్రి పోడు కొట్టుకుంటే నేరస్తుడయ్యాడు. ఈ రెండు సంఘటనలకూ ఒకే ఆర్థిక వ్యవస్థ తల్లి.

నందూరి రామమోహనరావు ఆ నిధి దీవిని 'కాంచనద్వీపం'గా చక్కటి తెలుగులోకి తెచ్చాడు. టామ్ సాయర్‌నీ హకల్‌బెరీ ఫిన్‌నీ కూడా మన పిల్లలకు పరిచయం చేశాడు. 1954లో 'చందమామ'లో 'తోకచుక్క' మొదలైంది. తరువాత 'మకరదేవత', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం'... వీటికి చిత్ర వేసిన బొమ్మలు కథలో భాగమైపోయాయి.

ఈ సీరియళ్ళ మీద పాఠకుల అభిప్రాయాలు రెండు రకాలుగా వినిపిస్తాయి. చిన్నప్పుడు చదివిన వాళ్ళు వాటిని ఆరాధనతో తలుచుకుంటారు. చదవడమనే అలవాటే తమకు అక్కడ పట్టుబడిందంటారు. అది కాదనలేని నిజం. అభ్యుదయ విమర్శకుల్లో కొందరు మాత్రం రాజులూ మాంత్రికులూ పిల్లలకెందుకు, ఇవి ఫ్యూడల్ భావాలనూ మూఢనమ్మకాలనూ పెంచుతాయి అని ఆక్షేపిస్తారు. ఈ ఆక్షేపణకు సమాధానం చెప్పుకోవలసి ఉంది. 1952 నుంచి 1980లో మరణించేదాకా ఆ పత్రికను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు హేతువాది, విరసం వ్యవస్థాపకుల్లో ఒకడు. అలాంటివాడు మంత్రాల కథలు ఎందుకు అచ్చువేశాడు? ఆ కథల నడక చూస్తే జవాబు దొరుకుతుంది. వాటిలో మాంత్రికుడు భయపెడతాడు గాని గెలవడు. గెలిచేది యువకుల తెగువ, సమయస్ఫూర్తి, స్నేహం. అందుచేత మంత్రం ఉందనే కారణంతో వీటిని తోసివేయడం యాంత్రిక విమర్శ అవుతుంది.

అసలు పరీక్ష వేరొకటి. ఈ కథల్లో అడవి ఎవరిది? 'శిథిలాలయం'లో ఇద్దరు నాయకులు: శిఖిముఖి, విక్రమకేసరి. శిఖిముఖి శబర యువకుడు. మైదాన ప్రాంతపు యువకుడితో సమానంగా, ఒక్కోసారి అతనికి దారి చూపిస్తూ నడుస్తాడు. ఆదివాసిని సేవకుడిగానో రాక్షసుడిగానో చూపడం మామూలైన రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. అయితే ఈ శబరుడికి కాలం లేదు. అతని గూడేనికి గార్డు రాడు, షావుకారు రాడు, శిస్తు లేదు, సంత లేదు. అతను పురాణాల్లోని శబరుడు. శ్రీకాకుళం కొండల్లోనూ పర్లాకిమిడి ప్రాంతంలోనూ బతుకుతున్న సవర కాడు.

ఆ బతికి ఉన్న సవర కోసం అంతకు ఎంతోముందే ఒక తెలుగువాడు పుస్తకం రాశాడన్నది మన సాహిత్య చరిత్రలో మరుగున పడింది. వ్యవహారిక భాషోద్యమ నాయకుడు గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకు బడులు పెట్టించి, వాచకాలు రాశాడు. ఆయన సవర వ్యాకరణం 1931లోనూ నిఘంటువు 1938లోనూ వచ్చాయి. గిడుగును గ్రాంథిక వాదంపై గెలిచిన వీరుడిగా పొగుడుతాం. పిల్లవాడికి ఇంటి భాషలో చదువు అనే ఆయన సూత్రాన్ని మాత్రం తెలుగు దగ్గరే ఆపేశాం.

అరకు, అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట వైపు పిల్లవాడు ఇంట్లో మాట్లాడేది కువి కావచ్చు, కొండ భాష కావచ్చు, ఆదివాసీ ఒడియా కావచ్చు. ఒకటో తరగతిలో అతను ఎదుర్కొనే మొదటి సాహసం తెలుగు వాచకమే. ఈ శతాబ్దపు తొలి దశకంలో బహుభాషా విద్యా పథకం కింద కువి, కొండ, ఆదివాసీ ఒడియా, సవర వంటి భాషల్లో వాచకాలు తయారయ్యాయి. గిడుగు వేసిన దారిలోకి ప్రభుత్వం రావడానికి ఏడు దశాబ్దాలు పట్టింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇస్తూ 2000లో వచ్చిన జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. పిల్లవాడి భాష తెలిసిన టీచరు బడిలో ఉంటాడా లేదా అన్నది ఉద్యోగాల తగాదా మాత్రమే అనుకుంటే పొరపాటు. ఆ పిల్లవాడు ఏనాటికైనా నవల చదివే పాఠకుడవుతాడా లేదా అన్నది కూడా అక్కడే తేలుతుంది.

అలాంటి పాఠకుడు సాహస నవల చేతికి తీసుకున్నాడనుకుందాం. అడవిలోకి ప్రవేశించడం అతనికి సాహసం కాదు. కట్టెలకూ అడ్డాకులకూ చింతపండుకూ అతను రోజూ పోయే చోటది. అతన్ని భయపెట్టేవి వానాకాలపు గెడ్డ, చలిజ్వరం, సంతలో తప్పుడు తూకం. నిధి సంగతి వచ్చేసరికి అతని ప్రశ్న ఇంకా సూటిగా ఉంటుంది: వీరులు నిధి పట్టుకుని వెళ్ళిపోయాక ఆ కొండలో మిగిలినవాళ్ళ గతి ఏమిటి?

ఈ ప్రశ్నకు అరకు చరిత్రే ఆధారం. 1955లో మాచ్‌ఖండ్ దగ్గర కరెంటు పుట్టింది. 1960ల్లో కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం ఈ కొండల్ని తొలుచుకుంటూ వెళ్ళింది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు ఎగుమతి చేయడం దాని పని. యాత్రికుడికి ఆ సొరంగాలు వింత, కొండవాడికి అవి నిధి బయటికి పోయే దారి. బొర్రా గుహల చుట్టుపక్కల గనుల లీజులిచ్చినప్పుడు ఆ ఊళ్ళు ఊరుకోలేదు. నిమ్మలపాడు వంటి గ్రామాల పోరాటం 'సమత' సంస్థ ద్వారా సుప్రీంకోర్టుకు చేరింది. షెడ్యూల్డు ప్రాంతపు భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వడానికి ప్రభుత్వానికి సైతం హక్కు లేదని 1997 జూలైలో తీర్పు వచ్చింది. గుహ, నిధి, దాన్ని కోరి వచ్చిన బలవంతులు, ఎదిరించిన గ్రామస్థులు, చివరికి గెలుపు. సాహస నవలకు కావలసిన దినుసులన్నీ ఇందులో ఉన్నాయి.

ఉన్న కథను కూడా మనం సగమే చెప్పాం. 1922–24 పోరాటం మీద పిల్లల పుస్తకాలకు కొదవ లేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషను మీద దాడితో మొదలై అవి 1924 మే 7న సీతారామరాజు మరణంతో ముగుస్తాయి. గాం గంటందొర, మల్లుదొర వాటిలో అనుచరులుగా మిగిలిపోతారు. మల్లుదొర శిక్ష అనుభవించి బయటికొచ్చి, 1952లో లోక్‌సభ సభ్యుడయ్యాడు. ముఠా కొండల నుంచి పార్లమెంటుదాకా సాగిన ఆ జీవితం బాలల నవల కాకపోవడానికి కారణం వస్తువు కొరత కాదు, దృష్టి కొరత. 2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడి, అరకును కలుపుకున్న జిల్లాకు సీతారామరాజు పేరే పెట్టారు. పేరు పెట్టినంత తేలిగ్గా పుస్తకం రాదు.

పొరుగున ఇందుకు ఒక నమూనా ఉంది. అరకుకు ఆనుకున్న కోరాపుట్ కొండల కోదుల మీద గోపీనాథ్ మహంతి రాసిన 'అమృతర సంతాన్'కు 1955లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. పురిపండా అప్పలస్వామి దాన్ని 'అమృత సంతానం'గా తెలుగు చేశాడు. అది పెద్దల నవల. కాని కొండవాడిని కాలంలోనూ సమాజంలోనూ నిలబెట్టడం ఎలాగో బాలల రచయిత కూడా అందులో నేర్చుకోవచ్చు.

కనుక ఇకమీదట బాలల నవలకు బహుమతి వచ్చిందని వినగానే మన విమర్శకులూ సాహిత్య విద్యార్థులూ ఒక పని చెయ్యాలి. ఆ పుస్తకాన్ని అరకులోనో ముంచంగిపుట్టులోనో ఒక ఆశ్రమ పాఠశాలకు తీసుకుపోయి పిల్లల చేత చదివించి, వాళ్ళన్నది వాళ్ళ మాటల్లోనే రాసుకుని అచ్చువెయ్యాలి. అందులో పొగడ్త తక్కువ ఉండవచ్చు. 'మా అడవి ఇట్లా ఉండదు' అని ఒక పిల్లవాడు అంటే, తరువాతి నవల రాయబోయే వాడికి ఏ న్యాయనిర్ణేతల తీర్పూ అంతకంటే ఎక్కువ నేర్పలేదు.