జైలు మందుల కిటికీ

మంట దగ్గరికి జరగండర్రా, మంచు దిగుతోంది. మన అమ్మలు డీఫార్మసీ చదువుతోంది కదా. రెండేళ్ళ చదువూ, ఆపైన ఐదు వందల గంటల ట్రైనింగూ అయ్యాకే ఫార్మసీ కౌన్సిల్లో పేరు ఎక్కుతుంది. జైలు ఆసుపత్రిలో ఉద్యోగం పడితే చేరొచ్చా తాతయ్యా అని పొద్దున అడిగింది. నేను నోరు విప్పేలోపే వాళ్ళమ్మ "ఆడపిల్లకి జైలేమిటి" అనేసింది. కోడలు పిల్లకి కోపం తెప్పించడం నాకిష్టం లేదు గానీ, జైల్లో మందులిచ్చే కిటికీ దగ్గరే నా సర్వీసంతా గడిచింది. కాబట్టి చెబుతాను, వినండి.

నేను చేరింది 1978లో. అప్పుడు తయారు మందులు తక్కువ. కడుపుబ్బరానికీ దగ్గుకీ మిక్చర్లు మేమే కలిపేవాళ్ళం. ఒళ్ళునొప్పులకి ఏపీసీ మాత్ర. అందులో ఉండే ఫెనాసెటిన్ మూత్రపిండాలు పాడుచేస్తుందని తేలి, 1983లో మన దేశంలో ఆపేశారు. అందాకా దోసెళ్ళకొద్దీ పంచాం. గజ్జికి బెంజైల్ బెంజోయేట్. గజ్జి ఒక్కడికి పట్టినా బ్యారక్‌లో అందరికీ మెడ నుంచి కాలివేళ్ళ దాకా పూయించాలి, దుప్పట్లు ఉడకబెట్టించాలి. గోక్కుంటున్నవాడికి మాత్రమే పూసి పంపిస్తే నెల తిరక్కుండా అందరూ వరస కడతారు.

బయట దవాఖానాలో అయితే సీసా మీద మోతాదు గుర్తులకి కాగితం ముక్క అంటించి చేతికిచ్చేవాళ్ళం. జైల్లో గాజు సీసా చేతికివ్వం. ఖైదీ తన మగ్గు పట్టుకుని వస్తాడు, ఔన్సు గ్లాసుతో కొలిచి పోస్తాం, అక్కడే తాగాలి. ఇంజెక్షన్ చేశాక పగిలిన ఆంపూల్ పెంకులు కూడా లెక్క చూసుకుని పారెయ్యాలి. మాత్ర వేసుకున్నాక నోరు తెరిచి, నాలుక పైకెత్తి చూపించాలి. నిద్రమాత్రల దగ్గర మరీ జాగ్రత్త. బుగ్గలో దాచి, బ్యారక్‌కి వెళ్ళాక ఉమ్మి, ఆరబెట్టి దాచుకునేవాళ్ళుండేవారు. కొందరు బీడీలకి మార్చుకోవడానికి, కొందరు అన్నీ కలిపి ఒకేసారి మింగడానికి. ఎవడు దేనికి దాస్తున్నాడో మొహం చూసి పోల్చుకోవడం ఏ పుస్తకంలోనూ ఉండదు. కొత్తగా రిమాండుకొచ్చినవాడు అన్నం ముట్టకుండా గోడకేసి చూస్తూ కూర్చుంటే, వార్డరు చెప్పకపోయినా డాక్టరుగారి చెవిన వెయ్యాలి.

చట్టం లేదని కాదు. జైళ్ళ చట్టం 1894లోనే వచ్చింది. తెల్లవాళ్ళ చట్టమే అయినా అందులో కొన్ని మంచి మాటలున్నాయి. ప్రతి జైలులోనూ ఆసుపత్రి గానీ, రోగుల్ని ఉంచడానికి తగిన చోటు గానీ ఉండాలి. లోపలికొచ్చిన ప్రతివాడినీ పరీక్షించి, ఒంటి మీద గాయాలూ మచ్చలూ రాయాలి. డాక్టర్ని చూడాలని ఖైదీ అడిగితే, అడగకపోయినా నలతగా కనిపిస్తే, అక్కడున్న ఉద్యోగి ఆలస్యం చెయ్యకుండా జైలర్‌కి చెప్పాలి. అంటే ఆ మాట వార్డరు దగ్గర ఆగిపోకూడదు. ఎక్కువసార్లు అక్కడే ఆగిపోయేది. సాయంత్రం లెక్క చూసి తాళాలు పడ్డాక మరీను. రాత్రి బ్యారక్ తెరవాలంటే పైవాళ్ళ అనుమతి కావాలి, తాళంచెవులు తేవాలి, మనుషుల్ని పోగెయ్యాలి. ఈలోగా ఉబ్బసం ఉన్న ముసలాయన ఊచలు పట్టుకుని ఎగశ్వాసతో నిలబడి ఉంటాడు. అందుకే అలాంటివాళ్ళ రాత్రి మాత్ర లాకప్పుకి ముందే నైట్ డ్యూటీ వార్డరు చేతికిచ్చి, పేరు చూపించి, ఎప్పుడివ్వాలో రెండుసార్లు చెప్పి ఇంటికొచ్చేవాణ్ణి.

మతి చెడినవాళ్ళ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. ఏ నేరమూ చెయ్యకపోయినా, పిచ్చి ఉందని దేశంలో ఎందరినో జైళ్ళలో పెట్టేవారు. అది చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 1993లో షీలా బర్సే కేసులో తేల్చి చెప్పింది. అంత ఆలస్యంగా చెప్పాల్సి రావడమే నాకు బాధ.

ఇక క్షయ. ఇరుకు గదులు, గాలాడని రాత్రులు, పక్క మీద పక్క. జైల్లో క్షయ పాకడానికి ఇంకేం కావాలి? నేను పనిచేసిన జైళ్ళలో ఒకదానికి, పేరెందుకులే, దొంగతనం కేసులో ఒక కుర్రాడు వచ్చాడు. పాతికేళ్ళుండవు. కఫంలో క్రిములు తేలాయి. మందు మొదలుపెట్టిన మర్నాడే కిటికీ దగ్గరికొచ్చి ఏడుపు మొహంతో, "కాంపౌండరు గారూ, నెత్తురు పోతోందండీ" అన్నాడు. రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం ఎర్రగా వస్తుంది. భయం లేదురా, అది మందు రంగు అని, మందు మొదలుపెట్టి పదిరోజులైన ఇంకొకణ్ణి పిలిచి వాడి నోటితోనే చెప్పించాను. అప్పుడు నమ్మాడు. రెండు నెలలు తిరిగేసరికి దగ్గు పోయింది, బరువు పెరిగాడు, అన్నం మారు అడుగుతున్నాడు. మందు ఇంకా నాలుగు నెలలుంది. ఓ సాయంత్రం బెయిలు కాగితాలొచ్చాయి. బెయిలొచ్చినవాడు ఆగుతాడా? గేటు దగ్గర బట్టలు తీసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున మాత్రలు తీసి పేరు పిలిస్తే పక్కవాడు చెప్పాడు. ఊరి ఆసుపత్రికి చీటీ లేదు, చేతిలో నాలుగు రోజుల మందు లేదు. మరుసటి ఏడు ఇంకో కేసులో మళ్ళీ లోపలికొచ్చాడు. తూకం చూస్తే మొదటిసారి వచ్చినప్పటికన్నా తక్కువ. ఈసారి పోయింది నిజంగా నెత్తురే. సగంలో ఆపిన మందుకి క్షయ మొండికేస్తుంది. వాణ్ణి పెద్దాసుపత్రికి పంపించాం. తిరిగి రాలేదు.

ఆ తరవాత నేనొక పని పెట్టుకున్నాను. క్షయ మందు, మూర్ఛ మందు, షుగరు మందు వాడేవాళ్ళ పేర్లు ఒక కాగితం మీద రాసి గేటు వార్డరు బల్ల మీద ఉంచేవాణ్ణి. వాళ్ళలో ఎవరికి విడుదలొచ్చినా, ఏ టైమైనా సరే, నాకు కబురు రావాలి. కొందరు గేటువాళ్ళు విసుక్కున్నారు. ఒక హెడ్ వార్డరు మాత్రం, మహానుభావుడు, క్వార్టర్స్‌కి సైకిల్ మీద మనిషిని పంపేవాడు. వెళ్ళి మందు పొట్లం కట్టి, వాళ్ళ ఊరికి దగ్గరలో ఉన్న ప్రైమరీ హెల్త్ సెంటర్ డాక్టరుగారికి చీటీ రాయించి చేతిలో పెట్టేవాణ్ణి. చదువు రానివాడికి ఆ చీటీ ఎవరికివ్వాలో వాడిచేత తిరిగి చెప్పించేవాణ్ణి.

1997లో క్షయకి డాట్స్ పద్ధతి మొదలై మనదాకా వచ్చాక నాకెంత సంతోషమైందో చెప్పలేను. ఒక రోగికి ఒక పెట్టె, అందులో పూర్తి కోర్సు, పెట్టె మీద వాడి పేరు. మనిషి ఇంకో ఊరు వెళితే ఆ పెట్టె వెనకాల పంపగలిగేవాళ్ళం. 2004లో హెచ్‌ఐవీ మందులు సర్కారు ఉచితంగా ఇవ్వడం మొదలయ్యాక ఈ పని ఇంకా ముఖ్యమైంది. ఆ మందు జీవితాంతం, గేటు లోపలా బయటా అని ఉండదు. 2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు ఖైదీల్ని ఎవరెవర్ని తాత్కాలికంగా వదలొచ్చో చూడమని సుప్రీంకోర్టు రాష్ట్రాలకి చెప్పింది. నేనప్పటికి రిటైరయ్యాను. అయినా ఊరుకోలేక, నా తరవాత వచ్చిన ఫార్మసిస్టుకి ఫోన్ చేసి, పంపేవాళ్ళకి బీపీ మాత్రలు చేతికిస్తున్నారా అని అడిగాను. నెలకి సరిపడా ఇస్తున్నాం సార్ అన్నాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

కోడలు పిల్ల మాటకి వస్తాను. ఆడపిల్లకి జైలేమిటి అంది. ఆడ ఖైదీలుంటారు కదమ్మా లోపల. నెలసరి బాధో, తెల్లబట్టో, చంటిపిల్లకి పాలు పడకపోవడమో నాలాంటి మగాడితో చెప్పలేక మేట్రన్‌తో చెప్పించేవాళ్ళు. మేట్రన్ నా దగ్గరికి తెచ్చేసరికి అందులో సగం "కడుపునొప్పి" అయిపోయేది. కడుపునొప్పికి నేనిచ్చేది ఇంకో మందు. కిటికీ అవతల ఒక ఆడది ఉంటే చాలామంది బాధ సకాలంలో బయటపడేది.

అమ్మలూ, నోటిఫికేషన్ పడితే అప్లై చెయ్యి. చేరిన మొదటి వారంలోనే గేటు దగ్గర ఎవరు డ్యూటీలో ఉంటారో తెలుసుకుని, ఆ పేర్ల కాగితం వాళ్ళ బల్ల మీద పెట్టు. విడుదలలు ఎక్కువగా సాయంత్రాలే వస్తాయి, కోర్టు కాగితాలు అప్పటికి గానీ చేరవు. కాబట్టి పొట్లాలు మధ్యాహ్నమే కట్టి పెట్టుకో.