వాయు పీడనం - ఉష్ణోగ్రత

మూసిన పాత్రలోని వాయువు వేడెక్కితే దాని పీడనం పెరుగుతుంది, చల్లారితే తగ్గుతుంది. ఘనపరిమాణం మారనంతవరకు పీడనం పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో ఉంటుంది. ఈ నియమం గే-లుసాక్ పేరుతో ప్రచారంలో ఉన్నా, ఆయనకు దాదాపు నూరేళ్ల ముందే ఫ్రాన్స్‌కే చెందిన అమోంటన్ దీన్ని గమనించాడు. పీడనానికి మూలం వాయుకణాల తాకిడేనని డేనియల్ బెర్నూలీ 1738లో వివరించాడు.

హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో బోర్డు మీద లెక్కగా కనిపించే ఈ నియమం, ఎల్బీనగర్ దాటి విజయవాడ హైవే ఎక్కే ప్రతి కారు టైరులోనూ పనిచేస్తుంది. పొద్దున 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర 32 పీఎస్ఐ గాలి పట్టించారనుకుందాం. ఎండకు, రోడ్డు రాపిడికి, టైరు సాగి ముడుచుకోవడానికి లోపలి గాలి 57 డిగ్రీలకు చేరింది. సెల్సియస్ అంకెలు చూస్తే వేడి రెట్టింపైనట్టుంటుంది. పరమ ఉష్ణోగ్రతను కొలిచే కెల్విన్‌లో అది 300 నుంచి 330కి, అంటే పదో వంతే పెరిగింది.

ఆ పదో వంతును 32కు కలపడం విద్యార్థులు తరచూ చేసే పొరపాటు. గేజి చూపేది బయటి గాలి కంటే లోపల అదనంగా ఉన్న పీడనమే. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాద్‌లో వాతావరణ పీడనం సుమారు 13.8 పీఎస్ఐ. రెండూ కలిపితే 45.8, పదో వంతు పెరిగితే 50.4. మళ్లీ 13.8 తీసేస్తే గేజి మీద దాదాపు 36.6 కనిపిస్తుంది.

ఇంతకీ లోపల జరిగిందేమిటి? 300 కెల్విన్ దగ్గర నత్రజని అణువుల వేగం సెకనుకు సుమారు 517 మీటర్లు. 330 దగ్గర 542. పెరుగుదల అయిదు శాతమే. అయినా పీడనం పది శాతం పెరగడానికి కారణం, ప్రతి దెబ్బ బలమూ అయిదు శాతం పెరిగింది, సెకనుకు తగిలే దెబ్బల సంఖ్యా అంతే పెరిగింది.

వంటగ్యాస్ సిలిండర్‌కు ఈ లెక్క వర్తించదు. అందులో ద్రవమూ ఆవిరీ కలిసి ఉంటాయి. ద్రవం మిగిలి ఉన్నంతకాలం, సిలిండర్ సగం ఖాళీ అయినా పీడనం పెద్దగా తగ్గదు. వేడెక్కితే మాత్రం మరిన్ని అణువులు ద్రవాన్ని వదిలి ఆవిరిలో చేరతాయి కాబట్టి పీడనం టైరులో కంటే చాలా వేగంగా పెరుగుతుంది. సిలిండర్‌ను ఎండలో ఉంచవద్దనడం ఇందుకే.

కంపెనీలు సూచించే టైరు పీడనం చల్లని టైరుకు చెప్పినది. కాబట్టి గాలి చూపించవలసింది బయలుదేరే ముందే; దారిలో వేడెక్కిన టైరులో అంకె ఎక్కువగా ఉందని గాలి తీయించకూడదు.