సికందర్ బాగ్ ఎముకలు

1857 తిరుగుబాటు గురించి మా సమావేశాల్లో మాట్లాడినప్పుడల్లా నేనొక ఫోటో చూపించేవాణ్ణి. లక్నోలోని సికందర్ బాగ్ అది, నవాబు వాజిద్ అలీ షా కట్టించిన విలాసవనం. గుళ్ళు తగిలి శిథిలమైన భవనం, ముంగిట నేలంతా పుర్రెలూ ఎముకలూ, వాటి వెనక నలుగురు మనుషులు, ఒక గుర్రం. "ఇదీ యుద్ధం ముగిసిన మర్నాటి దృశ్యం" అని చెప్పేవాణ్ణి. ఒకసారి ఒక కుర్రవాడు లేచి, "మాస్టారూ, ఒక్కరోజులో శవం అస్థిపంజరం అయిపోతుందా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. దయ్యాల ఫోటోలు చూస్తే సవాలక్ష ప్రశ్నలు వేసేవాణ్ణి, దీన్ని మాత్రం ఒక్కటీ అడగలేదు. ఇది మన పక్షం ఫోటో కదా!

అసలు లెక్క ఇది. రెసిడెన్సీలో చిక్కుకున్న తమవాళ్ళను విడిపించడానికి వచ్చిన కాలిన్ క్యాంప్‌బెల్ సేనలు 1857 నవంబరు 16న సికందర్ బాగ్ మీద పడ్డాయి. 93వ హైలాండర్లు, 4వ పంజాబ్ పదాతిదళం. అంటే చంపినవాళ్ళలోనూ మనవాళ్ళున్నారు. చుట్టూ ఎత్తైన గోడ, లోపలి సిపాయిలకు తప్పించుకునే దారి లేదు. దాదాపు 2,000 మందిని చంపామని బ్రిటిషువాళ్ళే రాసుకున్నారు. ఫోటో తీసిన ఫెలీచే బియాటో అప్పటికి మన దేశంలోనే లేడు. 1858 ఫిబ్రవరిలో కలకత్తాలో దిగాడు. మార్చిలో లక్నో మళ్ళీ బ్రిటిషువాళ్ళ వశమయ్యాకే అక్కడ కెమెరా పెట్టాడు. అప్పటికి నాలుగు నెలలు గడిచాయి.

మరి ఆ ఎముకలు? లక్నోలో పనిచేసిన సివిలు అధికారి జార్జ్ క్యాంప్‌బెల్ (సేనాని వేరు, ఈయన వేరు) 1893లో అచ్చయిన తన జ్ఞాపకాల్లో, శవాలను అప్పటికే కప్పేశారనీ, ఫోటోగ్రాఫరు పట్టుబట్టి మళ్ళీ బయటపెట్టించాడనీ రాశాడు. ముప్ఫై అయిదేళ్ళ తర్వాత ఒక్కడు చెప్పిన మాట. దీన్నీ అనుమానించాల్సిందే. అయితే 1860లో చైనాలోని తాకూ కోటల దగ్గర, తన ఫోటోలు అయ్యేదాకా శవాలను కదిలించొద్దని ఇదే బియాటో కోరినట్టు అక్కడున్న సైనిక వైద్యుడు రెన్నీ రాశాడు. పైగా ఆ రోజుల్లో ఒక ఫోటోకి మనిషి కొన్ని సెకన్లయినా కదలకుండా నిలబడాలి. ఆ నలుగురూ దారినపోతూ ఆగినవాళ్ళు కాదు.

"అయితే ఊచకోత కూడా కట్టుకథేనా?" అని ఒక మిత్రుడు ఎగతాళి చేశాడు. కాదు. అది ఈ ఫోటో మీద ఆధారపడి లేదు, చంపినవాళ్ళ సొంత రాతల్లోనే ఉంది. ఈ ఫోటో చెప్పేది దాని తర్వాతి సంగతి: నాలుగు నెలల నాటి శవాలను విజయచిహ్నంగా అమర్చి, ప్రింట్లు అమ్ముకున్నారని.

ఇప్పటికీ ఆ ఫోటో చూపిస్తున్నాను. కింద రాసుకున్న 1857 కొట్టేసి 1858 అని దిద్దుకున్నాను.